సిద్ధరాముని చెరువు - కొండవాలు మడి



అల్లమప్రభువు సొన్నలిగె చేరి సిద్ధరాముని చూచిన వృత్తాంతము మీరెరిగినదే. అప్పటికి సిద్ధరాముడు పెక్కుమందిని కూడగట్టి చెరువు త్రవ్వించుచు, గుడులు కట్టించుచుండెను. ప్రభువు అతనిని మట్టిపనివాడని ఎత్తిపొడిచెనని కథ. ఈ కథను పట్టుకొని, చెరువులు, గట్లు లౌకికములనియు, శరణునకు లింగార్చన చాలుననియు వాదించువారు నేటికిని కలరు. నాకది సమ్మతము కాదు. ప్రభువు నిందించినది చెరువును కాదు, "నేను త్రవ్వించితిని" అను అహమును. పిమ్మట సిద్ధరాముడు కల్యాణమున చెన్నబసవేశ్వరునివలన ఇష్టలింగదీక్ష నొంది శూన్యపీఠము నధిష్ఠించెను. అతని చెరువును ఎవ్వరును పూడ్చలేదు. నేటికిని అది షోలాపురమున నున్నది.

అహము తొలగిన మట్టిపనియే కాయకము. అది ఎట్లుండునో కొండవాలున సేద్యము చేయువారి మడులలో చక్కగా కనబడును.

2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట కొండలలోను, వానికావల ఒడిశా కొండలలోను సవరలు కలరు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఆజన్మాంతము శ్రమించినది వీరి భాషకొరకే. (వ్యావహారికమునకై పోరాడిన ఆ మహనీయుని పేరు ఇట్టి గ్రాంథిక వ్యాసమున వచ్చినందుకు ఆయన నవ్వుకొనునేమో!) కొండవాగుల వెంబడి సవరలు రాతికట్లు పేర్చి, మెట్లు మెట్లుగా వరిమడులు దీర్చిరి. 1955లో వెలువడిన వెరియర్ ఎల్విన్ గ్రంథము వీరి జీవితమునే వర్ణించినది. వారు లింగధారులు కారు. అయినను కాయకమననేమో వారి మడిగట్టు మీద నిలిచి నేర్వవచ్చును.

మెట్ల మడి కట్టుటలో మొదటి మెలకువ మీది మట్టిని కాపాడుట. చదును చేయుటకు ముందే సారవంతమైన పైమన్ను తీసి ప్రక్కనుంచి, అడుగుమన్ను సరిచేసిన పిదప మరల పైన పరవవలెను. అట్లు చేయనిచో మడి చదునుగనే యుండును గాని పంట పండదు. ఆ పైమన్ను జానెడు పేరుకొనుటకు ఎన్ని తరములు పట్టునో ఊహించుకొనుడు! రెండవది రాతికట్టు. పెద్దరాళ్ళు అడుగున నుంచి, కట్టు కొంచెము కొండవైపునకు ఒరిగియుండునట్లు పేర్చవలెను. సందులను సున్నముతోనో సిమెంటుతోనో మూసివేయుట ప్రమాదము. లోపల ఊరిన నీటికి దారి లేక, అది వెనుకనుండి నెట్టగా కట్టు ఉబ్బి కూలును. ఇక మడి వాలు. వరికి నీరు నిలువవలెను గనుక సమతలముగా నుండవలెను. వానలు మెండుగానుండి ఇతర పైరులు వేయుచోట మడిని లోపలివైపునకు వాల్చి, కొండప్రక్కన కాలువ తీయవలెను. వాన తక్కువైనచోట వెలుపలికి స్వల్పముగా వాల్చిన చాలును. నీరు పైమడినుండి దిగు మదుముక్రింద రాతిపలకలు పరవవలెను. మదుములన్నియు ఒకదాని క్రింద నొకటి ఒకే వరుసలో నుండరాదు. ఉన్నచో నీటికి వేగము హెచ్చి అదియే వాగగును. మెట్టపైరుల గట్లమీద వట్టివేరు నాటుట మంచిది.

నీరు జంగమము, మన్ను స్థావరము. ఇది శాస్త్రార్థము కాదు, నా ఉపమానము మాత్రమే. కొండమీద వాన పెల్లుబికినపుడు మన్నే జంగమమై వాగున బడి పోవును. జంగమమగు నీటిని నడిపించుచు, స్థావరమగు మన్నును నిలుపుటయే రైతు పని.

ఆయ్దక్కి మారయ్య దాసోహమునకై రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చెడివాడు. ఒకనాడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ అంగీకరింపక మిగులును తిరిగి అచటనే వేసిరమ్మనెను. ఇంటికి వచ్చిన గింజలను వెనుకకు పంపిన ఆ తల్లి, నేడు మన గట్లను చూచిన ఏమనునో! గట్టును ఏటేట చెక్కి మడిని జానెడు పెంచుకొనువారు ఏ ఊరనైనను కలరు. పల్లపునేలలో దానివలన తగవు మాత్రమే వచ్చును. కొండవాలున కట్టుకే కుదురు పోవును. ఒకడు చెక్కిన జానెడు, క్రింది మూడు మడులను వానలో ముంచును. పైమడివాడు పట్నము పోయి కట్టును పాడుపెట్టినను ఫలమదియే. వాని మడిలో నీరు వానిది కాదు, క్రిందివానికి పోవుచు నడుమ నిలిచినది. దానిని విడుచుట దానము కాదు, దాసోహము. దాతనను భావము కలిగెనా, సిద్ధరాముని తొలినాటి చెరువే!

మనవారిలో వాలుభూములున్నవారు మృగశిర కార్తెకు ముందే పైవారును క్రిందివారును కలిసి కట్లవెంట నడచి, ఉబ్బినచోట రాళ్ళు విప్పి మరల పేర్చుకొనవలెను. మదుములలోని పూడిక తీయవలెను. తొలివాన కురియుచుండగనే పార పుచ్చుకొని మరల ఒకమారు పోవలెను. ఎండలో గట్టిగా కనబడిన కట్టు ఎచ్చట కారునో అప్పుడే తెలియును.