బయటివాడంటే ఎవరు?

తాడేపల్లిని ఆనుకునే సీతానగరం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఎరుకల కుటుంబాలను తెచ్చి కాపలా మధ్య ఉంచిన సెటిల్‌మెంట్లలో అదొకటి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసుకూ వచ్చింది. సెటిల్‌మెంట్‌లో ఉన్నవాడు పొలిమేర దాటాలంటే పాసు కావాలి. ఏం చేశాడని ఎవరూ అడగరు, ఎక్కడ కనిపించాడన్నదే నేరం. ఆ చట్టం 1952లో పోయింది. పోయిందని రాయడం తేలికే. ఆ తర్వాత కూడా ఊళ్లో దొంగతనం జరిగితే పోలీసులు మొదట ఎవరి గుడిసె తలుపు తట్టేవారో మన పెద్దల్నడిగితే చెబుతారు.

ఇప్పుడా అనుమానం ఫోన్లలో తిరుగుతోంది. 2018 మే నెలలో ‘పార్థీ ముఠా వచ్చింది, పిల్లల్ని ఎత్తుకుపోతోంది’ అని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మెసేజ్‌లు పాకాయి. అవి అబద్ధాలని పోలీసులు చెప్పేలోపే భాష రాని బాటసారులు దెబ్బలు తిన్నారు. పార్థీలెవరు? మన ఎరుకల వారిలాగే ఆ పాత చట్టం కింద నలిగినవాళ్లు.

ఇంకో రకం అబద్ధం ఉంది. అది కొట్టదు, దాక్కునేలా చేస్తుంది. మిరపకోతలకు కర్నూలు వైపు నుంచి, ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి, భవనాల పనికి బీహార్, బెంగాల్ నుంచి మన వైపు కూలీలు వస్తారు. ‘ఇక్కడి ఆధార్ లేకపోతే పట్టుకుపోతారు, బడికి వెళ్తే పేర్లు రాసుకుంటారు’ అనే మాట వాళ్ల చెవిన పడితే చాలు. జ్వరమొచ్చినా ఆసుపత్రికి పోరు, కూలి బాకీ ఉన్నా అడగరు. ఆ భయం వల్ల లాభపడేది మేస్త్రీయే.

నిజం ఏమిటి? దేశంలో ఎక్కడికైనా వెళ్లి నివసించే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం పౌరులకిచ్చింది. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. అది లేకపోవడం పరాయి దేశస్థుడనడానికీ రుజువు కాదు. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణంలో ‘పౌరుడు’ అనే మాట లేదు, ‘వ్యక్తి’ అనే ఉంది. 22వ అధికరణం ప్రకారం అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. 2025లో బెంగాలీ మాట్లాడుతున్నారని కొన్ని రాష్ట్రాల్లో కూలీలను బంగ్లాదేశీయులుగా అనుమానించి నిర్బంధించారు. ఈ నాలుగు మాటలు అలాంటప్పుడే అవసరమవుతాయి.

‘ఏజెన్సీలో బయటివాళ్లు వద్దని 1/70 కావాలన్నది మీరే కదా, ఇప్పుడీ నీతులేమిటి?’ అని మమ్మల్ని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దాటవేయలేం. ఆదివాసుల ప్రయోజనం కోసం ఆ 19వ అధికరణం కిందే పరిమితులు పెట్టవచ్చు. కానీ 1/70 ఆపేది గిరిజనేతరుల పేరిట భూమి మారడాన్ని. బతకడానికొచ్చిన మనిషిని దారిలో నిలదీసి కొట్టమని అది ఎవరికీ చెప్పలేదు. భూమి కాపాడుకోవడం వేరు, మనిషిని తరమడం వేరు. ఈ తేడా చెరిగిపోతే ఆ చట్టానికే చెడ్డపేరు.

అరుణాచల్‌లో ఇది నిజంగానే పరీక్షకొచ్చింది. కప్తాయ్ డ్యాం ముంచేసిన చక్మాలు 1964 నుంచి అక్కడికి చేరారు. వాళ్లూ గిరిజనులే, వెళ్లిపొమ్మన్న స్థానికులూ గిరిజనులే. తమ కొండల్లో తామే తక్కువైపోతామన్న స్థానికుల భయాన్ని మేం తేలిగ్గా తీసిపారేయలేం. అయినా 1996లో సుప్రీంకోర్టు, పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ రాష్ట్రం కాపాడాల్సిందేననీ, ఏ సంఘమూ బెదిరించి తరమరాదనీ చెప్పింది. పౌరసత్వం ఇవ్వాలా వద్దా అన్నది వేరే దారిలో తేలాల్సిన విషయం. దానికి కర్రలు అక్కర్లేదు.

ఉపాధ్యాయులుగా మన చేతిలో ఉన్నది హాజరు పట్టీ. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని పిల్లను చేర్చుకోకుండా ఉండకూడదు, టీసీ రాలేదని ఆపకూడదు, వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. ఆధార్ నంబరు లేకపోతే కంప్యూటర్‌లో పేరు ఎక్కదని ఎవరైనా అంటే ముందు పట్టీలో రాద్దాం, కంప్యూటర్ సంగతి తర్వాత చూద్దాం. బట్టీ పని కొన్ని నెలలే. ‘రేపు కాగితం తీసుకురామ్మా’ అన్నామా, ఆ పిల్లకు ఆ ఏడు చదువు లేనట్టే.