ఉన్నదాంతో వండుకుందాం, కరుణతో తిందాం





బస్తీల్లో, వాడల్లో పంచశీల గురించి మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "మొదటి శీలం ప్రాణహింస వద్దంటోంది కదా, మరి మాంసం మానెయ్యాలా? మళ్లీ మమ్మల్ని అగ్రహారం తిండిలోకి తీసుకపోతారా?" ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. మాంసం తింటారని అద్దెకు ఇల్లు ఇవ్వనివాళ్లను చూశాం. టిఫిన్ డబ్బా మూత తీయగానే దూరం జరిగినవాళ్లను చూశాం. అందుకే జవాబు జాగ్రత్తగా చెప్పుకోవాలి.

తిండికి మైల లేదు

భిక్షువులు బతికినంతకాలం చేప, మాంసం ముట్టకూడదని నియమం పెట్టమని దేవదత్తుడు అడిగాడు. బుద్ధుడు ఒప్పుకోలేదు. తన కోసం చంపినట్టు చూడని, వినని, అనుమానం లేని మాంసం భిక్షలో వస్తే తీసుకోవచ్చన్నాడు. సుత్తనిపాతంలోని ఆమగంధ సుత్తం ఇంకా సూటిగా చెప్తుంది: కంపు మాంసంలో లేదు, మనిషి చేసే హింసలో, మోసంలో, అబద్ధంలో ఉంది.

బాబాసాహెబ్ 1948లో అంటరానితనం పుట్టుక మీద రాసిన పుస్తకంలో ఇంకో సంగతి తవ్వి తీశారు. బౌద్ధం మీద పైచేయి సాధించడానికే బ్రాహ్మణులు మాంసం మానేశారని, గొడ్డుమాంసం తినడం మానని బౌద్ధులే అంటరానివాళ్లయ్యారని వాదించారు. అంటే శాకాహారం ఈ దేశంలో కరుణ పేరు పెట్టుకుని తిరిగిన నిచ్చెనమెట్టు. ఆ మెట్టు ఎక్కమని మీకు చెప్పడం లేదు.

అదే బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో అహింస నియమం కాదు, సూత్రం అన్నారు. నియమం మనిషిని కట్టేస్తుంది. సూత్రం ఆలోచించే స్వేచ్ఛ ఇస్తుంది. చంపాల్సిన అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు అని విడదీసి చూపించారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలమందితో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో పదమూడోది, సకల జీవుల పట్ల కరుణ చూపి కాపాడతానన్నది. ఆ ప్రతిజ్ఞ మన వంటింటి దాకా వచ్చినప్పుడు ఏం చెయ్యాలో మనమే ఆలోచించుకోవాలి. ఈ పూటకు ఏ జీవినీ నొప్పించకుండా కడుపు నిండే దారి నా ఇంట్లో ఉందా? ఉంటే ఆ పూటకు అదే వండుదాం.

ఐదు ప్రశ్నలు

మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి ఏవీ లేని వంటను ఇప్పుడు వీగన్ అంటున్నారు. పేరు కొత్తది. సరుకు పాతది, మన అవ్వలు దంచి, విసిరి, ఉడకబెట్టిందే. దానికోసం సూపర్‌మార్కెట్‌లో ఖరీదైన డబ్బాలు కొనక్కర్లేదు. వంట పుస్తకమూ అక్కర్లేదు. పొయ్యి ముట్టించే ముందు ఐదు ప్రశ్నలు వేసుకోండి. గింజ ఏముంది? పప్పు ఏముంది? ఆకో కాయో ఏముంది? పులుపు ఏముంది? నూనెగింజ ఏముంది?

బియ్యం ఉంటే అన్నం. జొన్నపిండి ఉంటే మసిలే నీళ్లు పోసి పిసికి రొట్టె. రాగిపిండి ఉంటే సంగటి. కందిపప్పు ధర మండిపోతుంటే పెసరపప్పు, అదీ లేకపోతే ఉలవలు. ఉలవలు రాత్రి నానేసి పొద్దున ఉడకబెడితే ఆ నీళ్లు చారుకు, గింజలు గుగ్గిళ్లకు. ఒక్క కుండతో రెండు వంటలు. గోంగూర దొరికే రోజు గోంగూర పప్పు, చింతచిగురు వచ్చే రోజుల్లో చింతచిగురు పప్పు, ఎండల్లో మామిడికాయ పప్పు. పులుపు మారింది, పప్పు మాత్రం పప్పే.

ఏదన్నా లేనప్పుడు దాని పేరు తలుచుకుని ఆగిపోవద్దు. అది చేసే పనేంటో చూడండి. చింతపండు చేసే పని నిమ్మకాయ చేస్తుంది, టమాటా చేస్తుంది. కొబ్బరి ఇచ్చే చిక్కదనం పల్లీల పొడి ఇస్తుంది, అవిసె గింజల పొడి ఇస్తుంది. పటిచ్చసముప్పాదం అని మనం వందన తర్వాత చదువుకునేది కూడా ఇదే. ఏదీ ఒంటరిగా నిలవదు, కారణాలు కూడితే ఫలం వస్తుంది. ఒక కారణం మారితే కూర రుచి మారుతుంది, కూర ఆగిపోదు.

పెరుగు లేకుండా ముద్ద దిగదనేవాళ్లున్నారు. మన వాడల్లో పాడి ఎన్ని ఇళ్లకు ఉండేది? చద్దన్నంలో గంజి పోసి, ఉల్లిపాయ కొరుక్కుని పొలం పనికి పోయినవాళ్లు మనవాళ్లు. కోస్తాలో తరవాణి, తెలంగాణలో పచ్చిపులుసు పెరుగు లేకుండానే ముద్ద దింపేవి. చింతపండు పిసికి, పచ్చిమిర్చి నిప్పుల మీద కాల్చి వేసి, ఉల్లిపాయ ముక్కలు, వేయించి దంచిన నువ్వుల పొడి కలిపితే అన్నంలోకి కమ్మటి పులుసు. నూనె ఆడించాక మిగిలే తెలగపిండిని మునగాకుతో వండుకునే ఊళ్లున్నాయి. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తనాలను కాపాడుకున్నాయి. విత్తకుండానే చేలో మొలిచే ఆకుకూరల విలువను లోకానికి చెప్పాయి. ఈ తెలివి మనది. ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకుంది కాదు.

మూడు జాగ్రత్తలు

ఒకటి, ఒంటి సంగతి. బి12 విటమిన్ ఆకుల్లో, గింజల్లో నమ్ముకోదగ్గంత దొరకదు. పాలు, గుడ్లు కూడా పూర్తిగా మానేసేవాళ్లు డాక్టరును అడిగి మాత్రలు తప్పక వేసుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లల విషయంలో అడగకుండా ఏదీ మాన్పించొద్దు. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే ఆ ఇనుము సరిగా అందదు.

రెండు, ఎదుటివాడి పళ్లెం సంగతి. మీరు మానేశారని పక్కింటి కూర వాసనకు ముక్కు మూసుకుంటే, ఆ క్షణమే మీ పళ్లెంలోకి కులం వచ్చి కూర్చుంటుంది. కరుణ పేరు చెప్పి బడిపిల్లల భోజనంలోంచి గుడ్డు తీసెయ్యమనేవాళ్లతో మనం గొంతు కలపకూడదు. ఆళవిలో ధమ్మం వినడానికి ఆకలితో వచ్చిన పేద రైతుకు ముందు అన్నం పెట్టించి, ఆ తర్వాతే బుద్ధుడు బోధ మొదలుపెట్టాడని ధమ్మపద అట్ఠకథ చెప్తుంది. ఆకలిగా ఉన్న బిడ్డకు ఉపదేశం పెట్టేవాడు బుద్ధుని దారిలో లేడు.

మూడు, వండే చేతుల సంగతి. నిర్ణయం నాన్నది, పొయ్యి దగ్గర చెమట అమ్మది అయితే అది కరుణ ఎట్లవుతుంది? పప్పు నానేసేది, ఆకు ఏరేది, గిన్నెలు తోమేది మగవాళ్లూ మగపిల్లలూ నేర్చుకోవాలి. సమానత్వం మీద ఉపన్యాసం ఆ తర్వాత ఇవ్వొచ్చు.

కలగూర

ఒక పని చేసి చూద్దాం. వచ్చే పౌర్ణమినాడు విహారంలో వందన అయ్యాక, ప్రతి ఇంటి నుంచి ఉన్నది ఒక గుప్పెడు తెచ్చుకుందాం. ఒకరు తోటకూర, ఒకరు గంగవాయిలి, ఒకరు పెసరపప్పు, ఒకరు నాలుగు పచ్చిమిరపకాయలు. ఏమీ లేనివాళ్లు నీళ్లు పట్టుకొస్తారు, పొయ్యి ఊదుతారు. అన్నీ ఒకే కుండలో పడతాయి. ఏ ఆకు ఏ ఇంటిదో ఎవరూ అడగరు. అందరం ఒకే వరుసలో కూర్చుని తిందాం. మనల్ని వేరే పంక్తిలో కూర్చోబెట్టిన దేశంలో, ఏ జీవినీ నొప్పించకుండా, ఏ మనిషినీ దూరం పెట్టకుండా తినే ఆ ఒక్క పూట మన పదమూడో ప్రతిజ్ఞకు నిలువెత్తు సాక్ష్యం.

జై భీమ్. నమో బుద్ధాయ.