యాకోబు ఒంటరి ప్రయాణము

(ధ్యాన భాగము: ఆదికాండము 28:10–22)



ఏశావు అడవి తిరిగినవాడు. యాకోబు అట్టివాడు కాడు. గుడారమునొద్దనే యుండి, వంట చేసికొనుచు, తల్లి చాటున పెరిగినవాడు. అట్టివాడు ఒక దినమున అన్న కోపమునకు జడిసి, సుమారు 500 మైళ్ల దూరమందున్న హారానుకు ఒంటరిగా బయలుదేరవలసి వచ్చెను. (ఆ కోపమునకు కారణమైన మోసమును గూర్చి మరియొక నెలలో ధ్యానింతము.) అతని తాతయైన అబ్రాహాము ఆ దేశమునకే తన దాసుని పంపినప్పుడు 10 ఒంటెలనిచ్చి పంపెను. యాకోబు చేతిలోనో, చేతికఱ్ఱ మాత్రమే. చీకటి పడిన చోట ఆగి, తలక్రింద రాయి పెట్టుకొని పండుకొనెను.

అచ్చట దేవుడు అతనికి కనబడెను. గమనించుడి: ఇంటికి తిరిగి పొమ్మని చెప్పలేదు. త్రోవలో కష్టము రాదనియు చెప్పలేదు. తోడుగా నుందునని చెప్పెను. కొందరు బోధకులు ఆ నిచ్చెనను చూపి, ఇక యాకోబుకు అన్నియు సుఖములే అన్నట్లు ప్రసంగింతురు. లాబానును మరచితిరా? జీతము 10 మారులు మార్చినవాడు, ఒక పిల్లకు మారుగా మరియొక పిల్లను కట్టబెట్టినవాడు! అయినను యాకోబు ఆ పరదేశములోనే మనిషి యాయెను. అంతవరకు అతనికి దేవుడనగా తాత దేవుడు, తండ్రి దేవుడు. బేతేలులో, ఆ రాతియొద్ద, తనకును దేవుడు కావలెనని సొంత నోట మ్రొక్కుకొనెను.

ఇక మన ఊళ్ల సంగతి. మన పత్తి, మిరప పల్లెలలో మగపిల్లవానికి పదునారేండ్లు వచ్చిన పిమ్మట, టిక్కీల లారీ ఎక్కి గుంటూరు మిర్చి యార్డుకు పోవును. రాత్రి ఆ టిక్కీలమీదనే పండుకొని మరునాడు వచ్చును. ఎవరును ఏమనరు. ఆడపిల్లయైతే ఇంటరు ప్యాసైనను పక్క ఊరి సంతకు ఒంటరిగా పోయి యెరుగదు. కాలేజీకి అన్న, గుడికి అమ్మ, ఆసుపత్రికి నాన్న తోడు రావలెను.

మా సంఘములో ఒక కుటుంబమునకు ఈ చిక్కు వచ్చెను. నర్సింగు చదువుకై సర్టిఫికెట్లు తీసికొని గుంటూరు రమ్మని పిల్లకు కబురు వచ్చెను. అవి పత్తి తీసే దినములు. తండ్రి కూలీలను విడిచి కదలలేడు. అన్న హైదరాబాదులో నున్నాడు. "అయ్యగారూ, దానికి గుంటూరు బస్టాండులో ఏ బస్సు ఎటు పోతుందో కూడా తెలవదు. ఈ ఏడు మానిపిద్దామండీ" అని తల్లి మాతో అనెను. ఇట్లు మానిపింపబడిన పిల్లలను మేము చాలమందిని ఎరుగుదుము. మరుసటి వేసవికి వారి శుభలేఖలు మా చేతికే వచ్చును.

"అమ్మా, నువ్వు ఈ ఊరికి కోడలుగా వచ్చినప్పుడు నీ వయసెంత?" అని అడిగితిమి.

"పదిహేడండీ."

"అప్పుడు ఈ ఊళ్లో నీకెవరు తెలుసు?"

ఆమె మారు పలుకలేదు. రిబ్కాయు అట్లే వచ్చినది. ఏ దేశమునకు కుమారుని పంపెనో ఆ దేశమునుండియే తాను కన్యగా, ముఖమెరుగని పెండ్లికుమారుని యొద్దకు బయలుదేరెను. అయితే ఆమె ఇంటివారు ఆమెను పిలిచి, వెళ్లుటకు ఇష్టమేనా అని అడిగిరి. మన ఇండ్లలో ఆ మాట అడుగువారెందరు? అత్తవారింటికి పంపుటకు వెరవని మనము చదువుకు బస్సెక్కించుటకు వెరచుచున్నాము.

తల్లి భయమును మేము ఎగతాళి చేయము. లాబానులు బస్టాండులలోను ఉన్నారు. రిబ్కా కొద్ది దినములే అనుకొని పంపెను, 20 ఏండ్లాయెను. ఆమె మరల కుమారుని ముఖము చూచినట్లు వాక్యములో ఎక్కడను లేదు. గనుక ఊరక పంపరాదు, నేర్పి పంపవలెను. అమ్మగారు ఆ పిల్లను కూర్చుండబెట్టి నేర్పిరి: ఫోను ఆగిపోవచ్చును గనుక ఇంటి నెంబరును, చేరవలసిన చోటును కాగితముమీద వ్రాసి ఉంచుకొనుము, డబ్బు రెండు చోట్ల దాచుకొనుము, త్రోవ తెలియనప్పుడు కండక్టరును గాని ఆడ పోలీసును గాని నీవే అడుగుము, అడుగకుండ సాయము చేయ వచ్చినవాని వెంట పోకుము, ఆపద వచ్చిన 112కు ఫోను చేయుము. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేదు గనుక, ఆధారు కార్డు మరువకుమనియు చెప్పిరి.

పిల్ల వెళ్లెను. ఒక స్టాపు ముందే దిగి, ఎండలో నడిచి, ఇద్దరు స్త్రీలను అడిగి వేళకు చేరితినని నవ్వుచు చెప్పెను. తల్లి మాత్రము ఆ సాయంకాలము వచ్చిన ప్రతి బస్సుకును రోడ్డుమీద నిలిచియే యుండెను. మూడవ బస్సులో కూతురు దిగెను.

గుంటూరులో మన అవ్వలు కాన్పులకు పోయిన కుగ్లర్ ఆసుపత్రిని ఎరుగనివారు మనలో తక్కువ. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో 27 ఏండ్ల వయస్సున అమెరికానుండి గుంటూరు చేరి, 1930లో ఇచ్చటనే కన్నుమూసెను. ఆమెయు ఒక ఇంటి ఆడబిడ్డయే.

మా సంఘములో ఇట్లు నిశ్చయించితిమి. వచ్చు నెల మొదటి ఆదివారము ఆరాధన అయిన పిమ్మట, ఇంటరు చదువు ఆడపిల్లలును వారి తల్లులును కొంచెము సేపు ఆగవలెను. తండ్రులును ఆగవచ్చును. బస్సు వేళలు కాగితముమీద వ్రాసి ఇచ్చెదము. అటుపిమ్మట వారమునకొక పిల్ల ఒక్కతెయే నరసరావుపేట వెళ్లి, సండేస్కూలుకు కావలసిన సుద్దముక్కలు, పలకలు కొనుక్కొని, పొద్దుండగానే తిరిగి రావలెను. డబ్బు సంఘము ఇచ్చును. చిల్లర లెక్క పిల్లయే చెప్పవలెను.