తీర్పరి పూర్వచరిత్ర

అమెరికాలో టిమ్ డోనగీ యను బాస్కెట్‌బాల్ రిఫరీ, ఏ ఆటకు ఎవరు తీర్పరులో వంటి లోపలి సంగతులను పందెగాండ్రకు డబ్బునకు చేరవేసితినని 2007లో కోర్టునందు ఒప్పుకొనెను. మరుసటి యేడు 15 నెలల చెరసాల శిక్ష పడెను. ఆ పిమ్మట అక్కడి కళాశాలల ఆటలకును రిఫరీల పూర్వచరిత్రను విచారించు ఏర్పాటు వచ్చెను.

యథార్థవంతుని ఇట్లు సోదా చేయుట అవమానము గాదా యని కొందరందురు. కాదనియే మా తలంపు. న్యాయము తీర్చుటకు లంచము నసహ్యించువారిని చూచి ఏర్పరచుకొమ్మని యిత్రో మోషేకు చెప్పలేదా? సంఘపు లెక్కలు చూడబోయిన, మంచి కోశాధికారి తానే పుస్తకము తెచ్చి యిచ్చును.

అయితే పోలీసు కాగితము నిన్నటి సంగతినే చెప్పును. రేపు చేయబోవు అప్పును చెప్పదు. డోనగీ 13 సీజనులు ఆ పనిలో నుండినవాడు. ద్వారమునొద్ద ఒక్కసారి విచారించి ఊరకుండినచో, పదమూడవ యేట వాని నడుగువారెవరు?