జిహ్వాసంయమం - బుద్ధిరక్షణ



జైనుడు ఏమి తినడో లోకమంతా ఎరుగును. మాంసం ముట్టడు, మద్యం ముట్టడు, తేనె ముట్టడు, కందమూలాల జోలికి పోడు, ప్రొద్దు గ్రుంకిన తరువాత భోజనానికి కూర్చోడు. రైలులో ఎదుటి బల్ల మీద కూర్చున్న పరాయివాడు సైతం టిఫిను డబ్బా విప్పగానే వీరు ఫలానా అని గుర్తుపట్టగలడు. కాని జైనుడు ఎంత తినాలి, ఎక్కడ చాలించాలి అనే సంగతి శ్రావకులకే మరపునకు వస్తున్నది. “ఏమి” అనే నియమం నిలుపుకొని “ఎంత” అనే నియమం వదలిపెట్టడం, వీధి తలుపుకు తాళం వేసి దొడ్డితలుపు తెరచిపెట్టడం వంటిది.

ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రంలో బాహ్యతపస్సు ఆరు విధాలని చెప్పారు. అనశనం, అవమౌదర్యం, వృత్తిపరిసంఖ్యానం, రసపరిత్యాగం, వివిక్తశయ్యాసనం, కాయక్లేశం అని వాటి పేర్లు. ఈ ఆరింటిలో మొదటి నాలుగూ ఆహారానికి సంబంధించినవే. వాటి తరువాత అంతరంగ తపస్సులు ఆరు. వాటిలో చివరిది ధ్యానం. అనగా మెట్ల వరుస విస్తరి దగ్గర మొదలై ధ్యానం దగ్గర ముగుస్తున్నది. క్రింది మెట్టు విరిగితే పై మెట్టు ఎక్కేదెట్లా? నాలుక వశంలో లేనివాని మనస్సు వశంలోకి రాదని ఆచార్యుల తాత్పర్యం.

ఈ మాటకు నేటి వైద్యశాస్త్రం కూడా తనదైన రీతిలో తోడు పలుకుతున్నది. మనిషి బరువులో మెదడు నూటికి 2 వంతులే. అయినా విశ్రాంతిగా ఉన్న శరీరం ఖర్చుచేసే శక్తిలో నూటికి 20 వంతులు అదే పుచ్చుకుంటున్నది. దుకాణంలో ఇంత చిన్న మూల ఇంత పెద్ద ఖర్చు వ్రాస్తూ ఉంటే, ఏ షావుకారైనా ఆ పద్దును రోజూ చూచుకోడా? కాని మెదడు పద్దును చూచేవారు అరుదు.

దృష్టాంతానికి ఒక కుటుంబాన్ని తలచుకుందాం. బరంపురం వైపు ఒక పట్టణంలో ఒక బట్టల వర్తకుడున్నాడనుకోండి. వయస్సు అరువది దాటింది. ఆవర్జా తెరవకుండానే ఎవరి ఖాతాలో ఎంత బాకీ ఉన్నదో చెప్పగలవాడని బజారులో పేరు. నియమాలలో కూడా గట్టివాడు. ముప్పది ఏండ్లుగా చౌవిహారం తప్పలేదు. అయితే రాత్రి భోజనం లేదు గదా అని సాయంకాలం ఐదున్నరకే రెండు పూటల తిండి ఒక్క పూటలో తినేవాడు. మధ్యాహ్నం నాలుగింటికి గద్దీ మీదకే కచోరీలు, జిలేబీ వచ్చేవి. పదేండ్ల నుంచి మధుమేహం. మెట్‌ఫార్మిన్ మాత్రలు మ్రింగుతూనే మిఠాయి తినేవాడు. పాలు పడవని ఏనాడో మానివేశాడు.

కొంతకాలానికి అరికాళ్లు తిమ్మిరెక్కసాగాయి. చీటికిమాటికి కోపం. ఒకనాడు పాత ఖాతాదారుడైన ఒక చిన్న వ్యాపారి దుకాణానికి రాగా, “నీ బాకీ ఎనిమిది వేలు ఇంకా రాలేదే” అని పదిమందిలో నిలదీశాడు.

“షావుకారు గారూ, దీపావళికి ముందే మీ చేతికిచ్చాను గదండీ” అన్నాడు అతడు.

“నా దగ్గరా అబద్ధం?” అని షావుకారు కేకలు వేశాడు. ఆ మనిషి తల వంచుకొని వెళ్లిపోయాడు. ఆ రాత్రి కొడుకు చిట్టా తిరగవేస్తే ఎనిమిది వేలూ తండ్రి చేతివ్రాతతోనే జమ అయి ఉన్నవి.

ఇంటిలో దిగులు పుట్టింది. ఒక బంధువు వచ్చి, “వయస్సు మళ్లినవారికి దోషం లేదు. మెదడుకు బలం రావాలంటే రోజుకొక గుడ్డు పెట్టండి, వారికి తెలియకుండా పిండిలో కలిపినా సరే” అని సలహా చెప్పాడు. ఇల్లాలు కన్నీరు పెట్టుకొన్నది. కొడుకు ఎటూ తేల్చుకోలేకపోయాడు. తండ్రి బుద్ధి నిలపాలా, తండ్రి వ్రతం నిలపాలా?

ఈ ప్రశ్న నేడు ఎన్నో జైన గృహాల గడప ముందు నిలిచి ఉన్నది. దీనికి సమాధానం తెలియకనే కొందరు యువకులు చాటుగా నియమం విడుస్తున్నారు. కొందరు పెద్దలు చికిత్స లేక క్రుంగిపోతున్నారు. రెండూ అనవసరమైన నష్టాలే.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దంలో ఉగ్రాదిత్యాచార్యులనే జైన వైద్యుడు కల్యాణకారకమనే వైద్యగ్రంథాన్ని సంస్కృతంలో రచించాడు. గ్రంథరచన జరిగిన స్థలం రామగిరి అని ఆయనే చెప్పుకొన్నాడు; అది విజయనగరం దగ్గరి రామతీర్థమే అని పలువురు పండితుల అభిప్రాయం. మాంసం, మద్యం, తేనె లేకుండానే చికిత్స సాధ్యమని ఆ గ్రంథం నిరూపించబూనినది. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని సభలో, వైద్యుల ఎదుట, మాంసాహారం ఔషధంగా కూడా అక్కరలేదని ఆయన వాదించాడు. “ధర్మం చెప్పింది, నోరు మూసుకోండి” అని మాత్రమే ఆయన అని ఉంటే వైద్యగ్రంథమెందుకు? రోగికి మరొక మందు చూపి వాదించాడు. శ్రావకులకు అదే మార్గం.

ఇంతకూ ఆ షావుకారుకు కావలసిన మందు ఏది? వైద్యుడు రక్తపరీక్ష చేయించగా బి12 అనే విటమిను బాగా తగ్గిపోయినట్లు తేలింది. ఈ విటమినును 1948లో అమెరికాలోనూ ఇంగ్లండులోనూ వేరుచేసి గుర్తించారు. మనిషికి రోజుకు కావలసినది రెండు మైక్రోగ్రాములకు కొంచెం పైన మాత్రమే. అంత స్వల్పమైనా అది లోపిస్తే నరాలు దెబ్బతింటవి, కాళ్లు తిమ్మిరెక్కుతవి, నడక తడబడుతుంది, మతిమరపు, చిరాకు, దిగులు కలుగుతవి. కాలేయంలో కొన్ని ఏండ్లకు సరిపడు నిల్వ ఉంటుంది గనుక లోటు వెంటనే బయటపడదు; మూలధనం కరుగుతున్నా గల్లా నిండుగా కనబడే దుకాణం వంటి స్థితి. ఒక్కొక్కప్పుడు రక్తహీనత ఏమీ లేకుండానే నరాలు చెడవచ్చు.

కాయగూరలలో, ధాన్యాలలో, పప్పులలో బి12 లేదు. పాలు, పెరుగులలో ఉన్నది. ఒక గ్లాసు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము. పాలు మానినవారికి, వృద్ధులకు, మెట్‌ఫార్మిన్ గాని కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రలు గాని ఏండ్ల తరబడి వాడేవారికి లోటు కలిగే అవకాశం హెచ్చు. మాంసంలో ఉన్నదని వాదించేవారు ఒక సంగతి మరువరాదు. ఏ జంతువూ దీనిని స్వయంగా తయారు చేయలేదు, సూక్ష్మజీవులే చేస్తవి. నేడు మాత్రలకు, సూదిమందుకు వాడే బి12 సైతం సూక్ష్మజీవుల ద్వారా పులియబెట్టి తీసినదే. ఏ పశువునూ వధించనక్కర లేదు.

సూక్ష్మజీవుల మాటేమిటని శంక కలుగవచ్చు. అది యోగ్యమైన శంకే. గృహస్థుని అహింసాణువ్రతం త్రసజీవులను సంకల్పపూర్వకంగా హింసించడం విడువమంటుంది; ఏకేంద్రియ జీవుల విషయంలో అవసరానికి మించి పోవద్దంటుంది. నీరు త్రాగినా, వంట వండినా గృహస్థునికి ఆ హింస పూర్తిగా తప్పదు గదా. అయినా మనస్సు ఒప్పనివారు గురుమహారాజుల సన్నిధిలో అడిగి తెలుసుకోవడం మంచిది. ఒక జాగ్రత్త మాత్రం తప్పక తీసుకోవాలి. గొట్టం బిళ్లల పై తొడుగు చాలవరకు జెలటిన్. అది జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసినది. కనుక మందుల దుకాణంలో అడిగి, తొడుగు లేని మాత్రనే తీసుకోవాలి.

ఇంతటితో దోషమంతా విటమినుదే అనుకొంటే పొరపాటు. ఖాతాకు రెండు ప్రక్కలుంటవి. ఆ షావుకారు ఖాతాలో ఒక ప్రక్క లోటు, రెండవ ప్రక్క మితిమీరిన తిండి. మతిభ్రంశ వ్యాధులను గురించి 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం, మార్చుకొనగల కారణాలు 14 అని లెక్కించినది. వాటిలో మధుమేహం, రక్తపు పోటు, చెడు కొలెస్టరాల్, స్థూలకాయం, శరీరశ్రమ లేకపోవడం ఉన్నవి. ఈ 14 కారణాలనూ తొలగించగలిగితే నూటికి సుమారు 45 వంతుల వ్యాధిని నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని వారి అంచనా. గద్దీ మీద కదలకుండా కూర్చుని మిఠాయి, వేపుడు తినే బ్రతుకులో ఈ కారణాలెన్ని ఉన్నవో ఎవరికి వారే లెక్క చూచుకోవలెను.

ఇక ఆచార్యులు చెప్పిన నాలుగు మెట్లూ తిరిగి చూడండి.

అవమౌదర్యం, అనగా ఆకలి కంటె కొంత తక్కువ తినడం. పురుషునికి 32 కబళాలు, స్త్రీకి 28 కబళాలు నిండు భోజనమని శాస్త్రం కొలత చెప్పింది. అందులో కొన్ని తగ్గించడమే తపస్సు. ఎనిమిది రోజుల ఉపవాసం అందరికీ కనబడుతుంది, ఊరేగింపు జరుగుతుంది. విస్తరి ముందు రెండు కబళాలు ముందే చేయి కడుక్కోవడం ఎవరికీ కనబడదు. అందుకే అది కష్టం.

వృత్తిపరిసంఖ్యానం మునులకు భిక్షానియమం. శ్రావకునికి దాని ఛాయ పదునాలుగు నియమాలలో ఉన్నది. నేడు ఇన్ని ద్రవ్యాలే తింటానని ఉదయాన్నే లెక్క కట్టుకోవడం. పదార్థాల సంఖ్య పెరిగితే తిండి పెరుగుతుందని వైద్యులు కూడా గమనించారు. వివాహాలలో ముప్పది రకాలు వడ్డించి గొప్ప చెప్పుకొనేవారు ఆలోచించవలెను.

రసపరిత్యాగం పాలు, పెరుగు, నెయ్యి, నూనె, బెల్లం, వేపుడు వంటి విగయిలను ఒక్కొక్కటిగా విడవడం. ఉప్పును కూడా కొందరు ఆ లెక్కలో చేర్చారు. నవపద ఓళీలో ఆయంబిల్ చేసేవారికి ఈ రుచి తెలుసు. ఉప్పు రోజుకు 5 గ్రాములకు లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అప్పడం, ఊరగాయ, సేవ్ ఒకే పూట విస్తరిలో ఉంటే ఆ హద్దు దాటడానికి ఎంతసేపు? అయితే తిమ్మిరెక్కిన కాళ్లతో పాలు, పెరుగు విడవడం కంటె, వేపుడు, మిఠాయి విడవడం వివేకం.

చివరకు అనశనం. తీర్థంకర నామకర్మకు హేతువులైన పదహారు భావనలలో శక్తికొలది తపస్సు ఒకటి. “శక్తికొలది” అన్నమాటను విడచి చదువరాదు. ఇన్సులిన్, మధుమేహపు మాత్రలు తీసుకొనేవారు వైద్యుని అడుగక ఉపవాసం పడితే రక్తంలో చక్కెర పడిపోయి మెదడుకే అపాయం రావచ్చు. వేసవిలో చౌవిహారం పాటించే వృద్ధులు పగటిపూట తగినంత నీరు త్రాగకపోతే మతి తికమకపడుతుంది. ఇంటిలో అందరికీ వడ్డించి చివరకు మిగిలినది తినే స్త్రీల సంగతి కూడా చూడవలెను. పప్పు, ఆకుకూర, నిమ్మరసం వారి విస్తరిలో కూడా పడవలెను.

రాత్రిభోజన త్యాగానికి మూలం జీవదయ. సాయంకాలం కంటె ఉదయం పూటనే శరీరం చక్కెరను చక్కగా వినియోగించుకొంటుందని నేటి శాస్త్రం చెప్పడం సంతోషమే. కాని వరి వేసిన రైతుకు గడ్డి కూడా దక్కినట్లు, వ్రతానికి ఆరోగ్యం వెంట వచ్చే ఫలం. గడ్డి కోసం ఎవరూ వరి వేయరు.

ఆ షావుకారు కథ ముగించవలసి ఉన్నది. సూదిమందు, తరువాత మాత్రలు పుచ్చుకొన్నాడు. కచోరీలు మానాడు. ఉదయం దేరాసరానికి బండి మీద పోకుండా నడచి పోసాగాడు. కొన్ని నెలలకు కాళ్ల తిమ్మిరి తగ్గింది, మతి చాలవరకు కుదుటపడింది. అందరికీ ఇంత మేలు జరుగదు; ఆలస్యం చేసినవారికి నష్టం నిలిచిపోవచ్చు, మతిమరపుకు వేరే కారణాలుంటే చికిత్స కూడా వేరు. కావున మొదటి తిమ్మిరికే, మొదటి మరపుకే వైద్యుని దగ్గరకు పోవలెను.

సంవత్సరి నాడు ఆయన కొడుకును వెంటబెట్టుకొని ఆ చిన్న వ్యాపారి ఇంటికి వెళ్లాడు. చిట్టా చేతిలోనే ఉన్నది. “నాయనా, ఎనిమిది వేలు జమ ఉన్నవి. ఆనాడు నా బుద్ధి నా దగ్గర లేదు. మిచ్ఛామి దుక్కడం” అని చేతులు జోడించాడు.

అతడు తొట్రుపడి, “అయ్యో, పెద్దవారు, మీరు నాకు దణ్ణం పెట్టడమేమిటండీ” అని లోపలికి పోయి ఆయనకు మంచినీళ్లు తెచ్చాడు.

క్షమాపణ అడగడానికి కూడా జ్ఞాపకం ఉండాలి గదా. చేసిన తప్పు గుర్తుంటేనే ప్రతిక్రమణం. సామాయికంలో కూర్చోవాలన్నా, స్వాధ్యాయం చేయాలన్నా, తూకంలో న్యాయం తప్పకుండా ఉండాలన్నా బుద్ధి నిలకడగా ఉండాలి. ఆ బుద్ధిని విస్తరి దగ్గర పోగొట్టుకోక కాపాడుకొనడం శ్రావకుని విధి. నేటి సాయంకాలం భోజనంలో రెండు కబళాలు తగ్గించి లేవడంతో ఆ తపస్సు ప్రారంభం కాగలదు.

జయ జినేంద్ర!