బల్లగుడ్డకు కత్తెర పెట్టవచ్చునా?

పాత ట్రంకుపెట్టె అడుగున, కలరా ఉండల వాసనతో, మడత చెదరని బల్లగుడ్డ ఒకటి దాగియున్న ఇండ్లు మన ఉదయగిరి, ఆత్మకూరు సంఘములలోను కలవు. నాలుగు మూలల రంగుదారపు పువ్వులు, అంచున లేసు అల్లిక. బోర్డింగు స్కూలులో చదివిన అవ్వ కుట్టినది. "పెట్టెలో పెట్టుకొని ఏం చేస్తాం అత్తా? పాపకి గౌను కుడతా" అని కోడలు. "అది మా అమ్మ చేతి పని. కత్తెర పెట్టేదానికి నీకు చేతులెట్టా వస్తాయి?" అని అత్త. చిన్న తగవే గాని, గతించినవారి చేతిపనిమీద బ్రదికియున్నవారికి ఎంత అధికారమున్నదను ప్రశ్న ఇందులో ఇమిడియున్నది.

అత్త మాట త్రోసివేయదగినది కాదు. బుటాపని చేయు నేర్పును దేవుడే ఇచ్చెనని నిర్గమకాండము 35వ అధ్యాయము చెప్పుచున్నది. పగటి పని ముగించుకొని దీపపు వెలుతురున ఆ పువ్వు కుట్టిన స్త్రీ కంటిచూపు కొంత అందులో కలిసియున్నది. వట్టి మోజుకొరకు దానిని ముక్కలు చేయుట మాకును సమ్మతము కాదు.

అయితే యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురునకు చూపినవి ఏవి? ఆమె కుట్టిన అంగీలు, వస్త్రములు, ఒంటిమీద వేసికొను బట్టలు (అపొ. కార్యములు 9). ఉదయగిరిలో కొయ్యగరిటె చెక్కువాడు కూర కలుపుటకే చెక్కును. దానిని అద్దాల బీరువాలో పెట్టువారు ఉన్నారు, వారి ఇష్టము.

ఇంకొక సంగతి. సిలువయొద్ద సైనికులు కుట్టులేని అంగీని చింపక చీట్లు వేసికొనిరి (యోహాను 19). వస్త్రమునకు గాయము తగలనీయలేదు. దానిని ధరించినవానిని మేకులతో కొట్టిరి. మంచి గుడ్డను మన్నించి మనిషిని మరచుట నేటికిని కలదు. నరసాపురము ప్రాంతమున పందొమ్మిదవ శతాబ్దమున మిషనెరీలు నేర్పిన లేసు అల్లిక దేశదేశములకు పోయినది. అల్లిన స్త్రీలను పనివారుగా లెక్కింపక, ఇంట ఊరక కూర్చున్నవారని ఎంచి, స్వల్పమైన కూలి ఇచ్చుచుండిరని మరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో వెలువడిన గ్రంథములో వివరించెను. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. మంచిదే. కూలి మాట ఎవరు అడుగుదురు?

కావున మేము కోడలి పక్షమే. అవ్వ బ్రదికియున్నచో ముందు ఆమెను అడుగవలెను. దర్జీ అమ్మకు ఇచ్చినచో, పాత గుడ్డయేగదా అని కూలి తగ్గింపరాదు. పాత గుడ్డ కుట్టుటయే కష్టము.

ప్రభువు బల్లమీద పరచు గుడ్డ సంగతి వేరు. అది సంఘమునకు చెల్లినది, ఏ ఇంటివారును ముట్టరాదు. అయినను ఆకలిగొన్న దావీదునకు యాజకుడు సముఖపు రొట్టెలిచ్చెను (1 సమూయేలు 21). తుపానులో కట్టుబట్ట పోయిన బిడ్డ గుమ్మమున నిలిచిన దినమున పెద్దలు తర్కించుచు కూర్చుండనక్కరలేదు.

ఇక కుట్టువారికి. గుడ్డను చన్నీళ్లలో నానబెట్టి ఉతికి, ఆరిన తరువాత వెలుతురునకు ఎత్తి చూడుడి. ఏండ్ల తరబడి మడిచిన గీతల వెంట నూలు నలిగియుండును. చంక, భుజము అక్కడ రానీయకుడి. లేసు అంచు గౌను అడుగున వచ్చునట్లు కత్తిరించినచో మడచి కుట్టు పని తప్పును. పాప ఎదుగును గనుక ప్రక్క కుట్లలో ఒక అంగుళము లోపల వదలుడి.