మూడు నెలలు దాచిన తల్లి
ధ్యానభాగము: నిర్గమకాండము 2:1–10



ఒక సంఘములో ప్రభువు బల్ల ఆదివారమున సహోదరి యొకతె ముందుకు రాక వెనుకనే కూర్చుండెను. తరువాత నేనడుగగా, "అయ్యగారూ, బిడ్డకు జ్వరం కాస్తుంటే నాట్లకు పోయాను. నువ్వేం తల్లివని అందరూ అంటున్నారు. నేను బల్లకు తగను" అని యేడ్చెను. ఆనాటి కూలి లేనియెడల ఆ యింట పొయ్యి వెలుగదని, అట్లనిన వారికిని తెలియును.

యోకెబెదును చూడుడి. ఆమె తన కుమారుని మూడు నెలలు దాచెను. అంతకు మించి దాచలేకపోయెను. జమ్ముపెట్టెకు కీలు పూసి, బిడ్డను అందులో పరుండబెట్టి, ఏటియొడ్డున విడిచెను. అక్క దూరమున నిలిచి కనిపెట్టెను. ఫరో కుమార్తె కనికరించెను. పాలిచ్చుటకు కన్నతల్లియే మరల పిలువబడెను. మోషే ఒక్కరి చేతులలో పెరుగలేదు. దాచలేకపోయినందుకు వాక్యము ఆ తల్లిని నిందింపలేదు. హెబ్రీ పత్రిక 11:23 ఆ మూడు నెలల దాపును విశ్వాసమని యెంచినది. అందులో తల్లితోకూడ తండ్రిని సహా చేర్చినది.

మనమైతే లోపములేని తల్లి కావలెనని స్త్రీలమీద బరువు మోపుచున్నాము. ఆ దినమున బిడ్డయొద్ద కూర్చుండుటకు మనలో ఎవరు పోతిమి? తండ్రి యెక్కడ నుండెను? మిర్యామువలె కావలి నిలువనివారికి తీర్పు తీర్చు హక్కు లేదు.

సహోదరీ, బల్ల లోపములేనివారికి కాదు, ఆకలిగొనినవారికి. రమ్ము.

ప్రార్థన: ప్రభువా, అలసిన తల్లులను ఆదరించుము, మా నాలుకలను ఆపి, మా చేతులను కదిలించుము. ఆమేన్.